వెనక నంబరు

టాలివర్ కాలేజీ, ఆడపిల్లల హాస్టల్,
మిసిసిపి.
ఆగస్టు నెలాఖరు.

నెల్ అక్కా,

ఈ ఉత్తరం చదివేసి సముద్రంలో పారెయ్. నవ్వకు, నిజంగానే పారెయ్. నువ్వు సెలవులకి మా ఇంటికి వచ్చినప్పుడు నీ సంచీలో ఇది మా అమ్మ కంటపడిందంటే నా పని అయిపోయినట్టే. మీ నేవీ ఓడకి ఫోన్ లేకపోవడం మంచిదైంది. ఫోనులో అయితే హలో అనేలోపే నా గొంతులో భయం పట్టేస్తావు. కాగితానికి గొంతు ఉండదు కదా.

విషయం ఏంటంటే, నేను క్వయర్‌లో చేరలేదు. అమ్మ చర్చిలో అందరికీ "మా కెటూరా కాలేజీ క్వయర్‌లో పాడుతోంది" అని చెప్పుకుంటోంది. నేను కాలేజీ బ్యాండ్‌లో డ్రమ్ లైన్‌కి పరీక్ష ఇచ్చాను. అదీ స్నేర్ డ్రమ్‌కి. నువ్వు మా ఇంటి వెనక మెట్ల మీద కూర్చోబెట్టి, పాత టైరు మీద నేర్పించిన జోడు దరువే వాయించాను. తీసుకున్నారు!

ఇంకా పూర్తిగా తీసుకోలేదనుకో. నీకు తెలిసిందే. ఇప్పుడు కొత్తవాళ్ళం అందరం "పీతలం". పొట్టి నుంచి పొడుగుకి వరసలో నిలబెట్టి నంబర్లిచ్చారు. నేను రెండో నంబరు. బయట ఎవరితోనూ మాట్లాడకూడదు, గడ్డి మీద నడవకూడదు, తినేటప్పుడు తల ఎత్తకూడదు. పాత విద్యార్థులంతా వచ్చే హోమ్‌కమింగ్ ఫుట్‌బాల్ మ్యాచ్ ముందు గురువారం డ్రమ్ గదిలో ఒక్కొక్కళ్ళనీ మధ్యలో నిలబెట్టి "ఉంటావా, పోతావా?" అని మూడుసార్లు అడుగుతారట. మూడుసార్లూ ఉంటానంటేనే లైన్‌లో ఉన్నట్టు. అప్పటిదాకా ఎవరైనా వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఏమీ అనరట.

ఆ గదిలో గోడ మీద నీ ఫోటో ఉంది అక్కా. పెద్దది. స్నేర్ లైన్‌కి నాయకత్వం చేసిన మొదటి ఆడపిల్లవని కింద రాసి పెట్టారు. ఇప్పటి నాయకుడు ఒడెల్. నాలుగో ఏడు చదువుతున్నాడు, తలుపంత మనిషి. నా ఇంటిపేరు వినగానే, "నెల్ చెల్లెలివా నువ్వు? మరి నీ మాటేంటి, రేడియో మింగినట్టుంది?" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. అప్పట్నుంచీ నా పేరు కాన్వెంట్. "ఒరేయ్, కాన్వెంట్ వస్తోంది, వ్యాకరణం సరిచూసుకోండ్రా!" నన్స్ దగ్గర పన్నెండేళ్ళు చదవడం నా తప్పా చెప్పు?

మూడో నంబరు రూథెల్ ఒక్కతే నన్ను పేరుతో పిలుస్తుంది. డెల్టా నుంచి వచ్చింది, వాళ్ళది పత్తి చేల మధ్య ఊరు. మొదటిరోజే నా పళ్ళెంలోంచి వేయించిన చేప ముక్క లాక్కుని, "నువ్వు ఎలాగూ ఫోర్కుతో ఆపరేషన్ చేస్తున్నావు, తినట్లేదు" అంది. తల ఎత్తకుండానే నవ్వుకున్నాం.

ఇప్పుడు అసలు మాట. నాకు భయంగా ఉంది. భోజనాలయ్యాక రోజూ డ్రమ్ గదికి పిలుస్తారు. మొదటి వారం పాత నాయకుల పేర్లు, లైన్ చరిత్ర అప్పజెప్పించారు. తప్పు చెప్తే బస్కీలు. వచ్చే వారం నుంచి తలుపు వేస్తారట. తలుపు వేసి ఏం చేస్తారు అక్కా? నువ్వు ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు మొదటి ఏడు చదువుతున్నప్పుడు క్రిస్మస్‌కి మా ఇంటికొచ్చావు. అమ్మ నీ చేతులు చూసింది. నీతో ఏమీ అనలేదు. నన్ను మాత్రం వంటగదిలోకి లాక్కెళ్ళి, "నువ్వు ఎప్పుడైనా కాలేజీలో డ్రమ్ ముట్టుకున్నావంటే నేను చచ్చినంత ఒట్టు" అంది. ఆ ఒట్టే ఇప్పుడు తప్పాను.

ఉండనా, మానేయనా? నువ్వు ఎలా చెప్తే అలా.

నీ కెట్

*

ఓడ మీద నుంచి,
మధ్యధరా సముద్రం.
సెప్టెంబరు.

ఒసే కెట్టూ,

నీ ఉత్తరం మూడు రేవులు తిరిగి నా దగ్గరకొచ్చింది. ఓడకి వెళ్ళే ఉత్తరాలు ఓడకంటే నెమ్మదిగా నడుస్తాయి, గుర్తుపెట్టుకో. సముద్రంలో పారెయ్యలేదు, ఇక్కడ చెత్త పారేస్తే నన్ను పారేస్తారు. సాక్సులో దాచాను. నా సాక్సుల జోలికి ఏ మగాడూ రాడు.

దొంగమొహమా! క్వయర్ అట! నీ గొంతుకి చర్చిలో కొవ్వొత్తులు ఆరిపోతాయి కదే, పిన్ని ఎలా నమ్మింది?

ఉండనా మానేయనా అని అడిగావు. ఉండు. ఇంకో మాట లేదు. మైదానంలోకి అడుగుపెట్టే ముందు ఆ సొరంగంలాంటి దారిలో నిలబడతారు చూడు, బయట జనం అరుస్తుంటారు, లోపల ఒక్కళ్ళు కూడా ఊపిరి తీయరు. అప్పుడు మొదటి దెబ్బ అందరూ కలిసి వేస్తారు. ఆ దెబ్బ నా జీవితంలో ఉన్న ఒకే ఒక్క మంచి విషయం. ఇక్కడ ఓడ ఇంజను పక్కన పడుకుని కూడా దాన్నే వింటాను.

గదిలో ఏం చేస్తారని అడిగావు. అది ఉత్తరాల్లో రాసేది కాదు. చేతులు వాస్తే ఐసు పెట్టుకో, గుడ్డలో చుట్టి పెట్టుకో, నేరుగా పెట్టకు. ఎవరైనా అడిగితే కారు తలుపులో పడిందని చెప్పు. ఏడవాలనిపిస్తే స్నానం చేసేటప్పుడు ఏడు, నీళ్ళ చప్పుడు ఉంటుంది.

ఒక్కటి మాత్రం విను. గది మానకు. జ్వరమొచ్చినా వెళ్ళు, కాలు విరిగినా పాక్కుంటూ వెళ్ళు. ఒక్క సాయంత్రం కూడా మానకు. ఎందుకని అడక్కు.

ఒడెల్ ఇంకా పళ్ళ మధ్య పుల్ల పెట్టుకుని తిరుగుతున్నాడా? మొదటి ఏడు వాడు ఎలుకపిల్లలా ఉండేవాడు. తలుపంత అయ్యాడా! సరే.

మీ నెల్

*

టాలివర్ కాలేజీ,
సెప్టెంబరు మధ్యలో.

అక్కా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు, అయినా రాస్తున్నా. మంచి కబురే కాబట్టి భయపడకు.

శనివారం మొదటి మ్యాచ్ అయింది. పీతల్ని మైదానంలోకి రానివ్వరు కానీ మెట్ల మీద చివరి వరసలో వాయించనిచ్చారు. ఎండ ఎంత ఉందంటే డ్రమ్ అంచు తగిలితే చర్మం అంటుకుపోయింది. ఒడెల్ కర్రలు పైకెత్తాడు. అందరం ఒక్కసారి వేశాం.

అక్కా, నేను ఎప్పుడూ దేనికో దానికి భయపడుతూనే ఉంటానని నీకు తెలుసు. ఫోన్ మోగితే భయం, ఎవరైనా నా పేరు పిలిస్తే భయం. ఆ దెబ్బ పడినప్పుడు నా లోపల భయానికి చోటు లేదు. చప్పుడంతా నిండిపోయింది. దిగాక మళ్ళీ వచ్చిందనుకో. కానీ అది లేకుండా ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది.

సాయంత్రాలు గదికి సరిగా వెళ్ళలేకపోతున్నా. జ్వరం వస్తూ పోతూ ఉంది. అందుకని మానేస్తున్నా. చిత్రం ఏంటంటే ఎవరూ ఏమీ అనట్లేదు. ఒడెల్ పొద్దున నన్ను చూసి, "ఒళ్ళెలా ఉంది కాన్వెంట్? విశ్రాంతి తీసుకో తల్లీ, నీ సంగతి మేం చూసుకుంటున్నాంలే" అన్నాడు. ఎంత మర్యాదగానో. నేనే ఊరికే భయపడ్డాననిపించింది. ఇలా అయితే హోమ్‌కమింగ్ దాకా లాగించేసి, ఆ గురువారం మూడుసార్లూ ఉంటాననేస్తే సరిపోతుంది కదా?

రూథెల్ నీకు నచ్చుతుంది. నాకు జ్వరమని రోజూ సూప్ తెచ్చిస్తోంది. ఇంత ఎండలో పొడుగు చేతుల చొక్కా వేసుకుని తిరుగుతోంది, "మా డెల్టాతో పోలిస్తే ఇది ఐసు పెట్టెలా ఉందే" అంటుంది. ఈ మధ్య ఎడమ చేత్తో తింటోంది. ఎందుకే అంటే, "రెండు చేతులూ సమానంగా ఉండాలని ఒడెల్ అన్నాడుగా, అలవాటు చేస్తున్నా" అంది. స్నేర్ వాయించేవాళ్ళకి ఎడమ చెయ్యి బలహీనంగా ఉంటుంది, నిజమే. ఈ పిల్లకి ఎంత శ్రద్ధో చూడు. నేను కూడా రేపట్నుంచి ఎడమ చేత్తో తింటా.

అమ్మ ఫోన్ చేసి క్వయర్‌లో ఏ పాట నేర్చుకుంటున్నావని అడిగింది. ఏదో చెప్పాను. "ఒక చరణం పాడు" అంది. గొంతు బాలేదన్నాను. అదేమో అబద్ధం కాకుండా పోయింది.

నీ కెట్

*

టాలివర్ కాలేజీ,
సెప్టెంబరు చివర.

అక్కా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. "ఒక్క సాయంత్రం కూడా మానకు, ఎందుకని అడక్కు."

నాకు జ్వరం రాలేదు అక్కా. ఒక్కరోజు కూడా రాలేదు. నీకు కూడా అబద్ధం రాశాను. తలుపు వేస్తామన్న మొదటిరోజే భయపడి పారిపోయాను. హాస్టల్ కింద బట్టలుతికే మిషన్ల గదిలోకి వెళ్ళి, తిరిగే మిషన్‌కి వీపు ఆనించి కూర్చున్నాను. రోజూ అదే. అందరూ వచ్చే వేళకి మంచమెక్కి పడుకునేదాన్ని, రూథెల్ సూప్ తెచ్చేది. తాగేదాన్ని. అన్నీ తాగేదాన్ని.

నీ ఉత్తరం చదివి నిన్న సాయంత్రం గదికి వెళ్ళాను. నన్ను చూడగానే ఒడెల్ చప్పట్లు కొట్టాడు. "వచ్చిందిరా కాన్వెంట్! ఒళ్ళు కుదుటపడిందా?" అని, వరస వైపు తిరిగి, "మూడో నంబరూ, నీకివాళ సెలవే. నీ బరువు దిగింది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. రూథెల్ నేలకేసి చూస్తోంది. నేను పీతని, మాట్లాడకూడదు, అయినా "ఏం బరువు?" అని అడిగాను.

ఒడెల్ నిజంగా ఆశ్చర్యపోయాడు అక్కా. కోపం కూడా రాలేదు. "నీకు తెలీదా? నెల్ చెల్లెలివి, నీకు తెలీకపోవడం ఏంటి? ఈ గదిలో ఎవరి వంతు దెబ్బలూ గాలికి పోవు. ముందు నంబరు రాకపోతే వెనక నంబరు మోస్తుంది. దాన్నే నెల్ మోత అంటాం." అని నీ ఫోటో కింద నిలబడి, చర్చిలో సాక్ష్యం చెప్పినట్టు చెప్పాడు. నువ్వు పీతవి అయినప్పుడు నీ ముందు నంబరు లొరెటా అట. వాళ్ళమ్మ చనిపోతే ఊరెళ్ళిందట. ఆమె లేని రోజులన్నీ నువ్వు అడక్కుండానే ముందుకొచ్చి, "లొరెటా వంతు నాకెయ్యండి" అన్నావట. గది మొత్తం ఏడ్చిందట. నువ్వు నాయకురాలివి అయ్యాక అదే కట్టడి చేశావట. "ప్రేమంటే అదీ, కాన్వెంట్. నోటితో చెప్పేది కాదు" అన్నాడు.

తర్వాత నా వంతు నాకేశారు. లావు కర్రలతో, మోచేతికి కింద. అది రాయను. రాయాల్సింది అది కాదు.

హాస్టల్‌కి వచ్చాక రూథెల్ చొక్కా చేతులు పైకి లాగాను. వద్దు వద్దంటూనే నవ్వింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర ఆకారమే మారిపోయింది.

"ఎందుకు చెప్పలేదే?" అని అరిచాను.

"నీకు తెలుసనుకున్నా" అంది. "జ్వరంలో ఉన్నదానివి, నీకు చెప్పి ఏడిపించడం ఎందుకు? నాకు జ్వరమొస్తే నాలుగో నంబరు వాడు మోసేవాడు కదా. అయినా మోసేవాళ్ళు చెప్పకూడదు, చెప్తే మోసినట్టు కాదట."

నాకు జ్వరం రాలేదని చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేదు.

అక్కా, అది నువ్వేనా? ఆ కట్టడి పెట్టింది నువ్వేనా? లేక ఒడెల్ కథలు చెప్తున్నాడా? లొరెటా తిరిగొచ్చాక ఏమైంది?

కెటూరా

*

ఓడ మీద నుంచి,
అక్టోబరు.

కెట్టూ,

ఒడెల్‌కి నోరెక్కువ. మొదట్నుంచీ అంతే.

ఇక్కడ గాలివాన. నాలుగు రోజులుగా ఎవరి కడుపులోనూ ఏదీ నిలవట్లేదు. మా వంటవాడు సముద్రం ఊగుతుంటే కూడా బీన్స్ వండుతాడు. ఎవరి కోసమో వాడికే తెలియాలి. ఓడ తుప్పు గీకి రంగెయ్యడం నా పని. గీకినచోటే మళ్ళీ తుప్పు పడుతుంది, మళ్ళీ గీకాలి.

ఆ అమ్మాయి చెయ్యి డాక్టరుకి చూపించు. కాలేజీ డాక్టరు కాదు, ఊళ్ళో డాక్టరు. మణికట్టు అన్నావు కాబట్టి చెప్తున్నా. వేళ్ళు ముడవగలుగుతోందా చూడు. బొటనవేలు చిటికినవేలికి ఆనించమను.

నువ్వు ఐసు పెట్టుకుంటున్నావా? గుడ్డలో చుట్టి.

గంట కొట్టారు, వెళ్ళాలి.

నెల్

*

టాలివర్ కాలేజీ,
అక్టోబరు, హోమ్‌కమింగ్ ముందు వారం.

అక్కా,

నేను అడిగినవాటికి నువ్వు జవాబివ్వలేదు. అంటే ఇచ్చినట్టే.

రూథెల్ వెళ్ళిపోయింది. నీ ఉత్తరం వచ్చేసరికే ఆ చిటికినవేలు ఎటూ ఆనట్లేదు. ఊళ్ళో డాక్టరు ఎముక పగిలి, తప్పుగా అతుక్కుందన్నాడు. నరం కూడా పోయిందట. మళ్ళీ విరిచి కట్టాలట, కట్టినా కర్ర పట్టుకోగలదని చెప్పలేనన్నాడు. డ్రమ్ వాయిస్తుంది కాబట్టే దానికి కాలేజీ ఉచితం. చెయ్యి లేకపోతే చదువు కూడా లేదు.

వాళ్ళమ్మ చర్చి వ్యానులో వచ్చింది. పొట్టిగా, ఎర్ర టోపీ పెట్టుకుని. ఆ చెయ్యి చూసి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తన మెడలో గుడ్డ తీసి ఆ చేతికి ఉట్టిలా కట్టింది. నాతో మాత్రం, "నువ్వేనామ్మా కెటూరావి? జ్వరం తగ్గిందా? మా పిల్ల ఫోన్ చేసినప్పుడల్లా నీ జ్వరం గురించే చెప్పేది" అంది.

"తగ్గిందండీ" అన్నాను.

రూథెల్ వ్యానెక్కుతూ తన కర్రలు నాకిచ్చింది. "ఇదిగో కాన్వెంట్, నీవి మొనలు పగిలిపోయాయి" అంది. మొదటిసారి నన్ను కాన్వెంట్ అంది. జ్వరం అబద్ధమని ఎవరైనా చెప్పేశారో, తనే కనుక్కుందో. లేక ఊరికే అందో. తెలుసుకునే ధైర్యం లేదు. వ్యాను మలుపు తిరిగేదాకా ఎడమ చెయ్యి ఊపుతూనే ఉంది. నేను చెయ్యి ఎత్తలేదు.

ఆ సాయంత్రమే బ్యాండ్ డైరెక్టర్ గది తలుపు కొట్టాను. నిజంగా కొట్టాను అక్కా, నీ మీద ఒట్టు. ఆయన పాటల కాగితాలు సర్దుకుంటున్నారు. "చెప్పమ్మా, ఎవరు కొట్టారు, ఎవరిని, ఎందుకు? నువ్వు పేర్లు చెప్తే నేను పోలీసుల్ని పిలుస్తాను, బ్యాండ్ ఆపేస్తాను" అన్నారు. మంచిగానే అన్నారు. ఎవరు అన్నదానికి నా దగ్గర జవాబుంది. ఎందుకు అన్న దగ్గర ఆగిపోయాను. నేను బట్టల మిషన్ పక్కన దాక్కున్నందుకు సార్, అని చెప్పాలి కదా. "మూడో నంబరు మంచి పిల్ల సార్" అన్నాను. "తెలుసమ్మా" అన్నారు. బయటికొచ్చేశాను. ఆయన వెంటనే కారెక్కి వెళ్ళిపోయారు. ఆయన రోజూ డ్రమ్ గది తలుపు పడకముందే వెళ్ళిపోతారు.

ఇప్పుడు మానేద్దామంటే, నా వెనక మిగిలింది నాలుగో నంబరు క్లీటస్. పదిహేడేళ్ళు కూడా నిండలేదు, ఉబ్బసం. ఇప్పటికే రూథెల్ వంతు వాడి మీద పడింది. నేను కూడా పోతే నాది కూడా వాడికే. గురువారం దాకా ఎవరైనా వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఏమీ అనరు అని మొదటి ఉత్తరంలో రాశాను చూడు. ఎవరూ ఏమీ అనరు, నిజమే. వెనకవాడికి వేస్తారు.

ఉండిపోదామంటే, వచ్చే ఏడు నా చేతిలో కర్ర పెడతారు, కొత్త పీతల వంతులెయ్యమని.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటుంది కదా నానమ్మ. ఇక్కడ గొయ్యిలో క్లీటస్ ఉన్నాడు.

ఈసారి హాస్యాలొద్దు. ఒక్క మాట చెప్పు. ఉండనా, పోనా? ఇది గురువారం లోపు నీకు అందదని తెలుసు. అయినా అడుగుతున్నా, అడగడానికి ఇంకెవరూ లేరు.

కెట్

*

ఓడ మీద నుంచి,
అక్టోబరు.

కెట్టూ,

నీ దగ్గర్నుంచి కొత్త ఉత్తరం ఏదీ రాలేదు. నేను కిందటిసారి పంపినదాన్ని వెనక్కి లాక్కోవాలని ఉంది. తపాలా పడవ వెళ్ళిపోయింది. అందుకని ఇంకోటి రాస్తున్నా. ఇది హెలికాప్టర్‌లో వెళ్ళే సంచీలో వేస్తానన్నాడు మా వాడొకడు, త్వరగా అందుతుందేమో.

వచ్చెయ్.

గురువారం దాకా ఆగకు. ఇది అందిన రోజే పెట్టె సర్దుకుని పిన్ని దగ్గరకి వెళ్ళిపో. పిన్ని తిడుతుంది. తిట్టనీ. వాళ్ళు పిరికిదానివంటారు. అననీ. నువ్వు చిన్నప్పట్నుంచీ పిరికిదానివే, కొత్తగా పోయేదేముంది? మొదటి ఉత్తరంలో ఉండమన్నాను. అది నేను కాదనుకో. అది ఆ దెబ్బ విన్న చెవి.

లొరెటా గురించి అడిగావు. అమ్మని పాతిపెట్టి తిరిగొచ్చింది. నా చేతులు చూసింది. థాంక్స్ చెప్తుందనుకున్నాను. అప్పుడే కాదు, ఆ తర్వాత కూడా, ఆ అమ్మాయి నాతో మళ్ళీ మాట్లాడలేదు. పక్కపక్కనే నిలబడి వాయించేవాళ్ళం, మాట్లాడేది కాదు. ఎందుకో అప్పుడు నాకు తెలీలేదు. ఈ గాలివాన రోజుల్లో పడుకుని ఆలోచిస్తే తెలుస్తోంది. తల్లి పోయి వచ్చినదాని నెత్తిన ఇంకో బరువు పెట్టాను.

ఒడెల్‌కి చెప్పు, నా ఫోటో ఆ గోడ మీంచి తీసెయ్యమని. నేను అన్నానని చెప్పు.

తర్వాత వచ్చెయ్.

నెల్

*

టాలివర్ కాలేజీ,
నవంబరు.

నెల్ అక్కా,

నీ ఉత్తరం శనివారం పొద్దున అందింది, హోమ్‌కమింగ్ రోజు. యూనిఫాం వేసుకుని, బొత్తాలు పెట్టుకుంటూ చదివాను. ఒడెల్ గురువారమే అడిగాడు.

మూడుసార్లూ ఉంటానన్నాను. మొదటిసారి నాకే వినపడనంత మెల్లగా. రెండోసారి క్లీటస్ ఊపిరి నా వెనక వరసలోంచి వినిపిస్తోంది, పిల్లిపిల్ల ఈలలా. గట్టిగా అన్నాను. గది మొత్తం మా మీద పడి కౌగిలించుకుంది. ఒడెల్ ఏడ్చాడు. "ఇంక నువ్వు కాన్వెంట్‌వి కాదే, నెల్ చెల్లెలివి" అన్నాడు.

సొరంగం దారి నువ్వు చెప్పినట్టే ఉంది. ఒక్కళ్ళు కూడా ఊపిరి తీయలేదు. బయటికెళ్ళాం, మొదటి దెబ్బ వేశాం. జనం లేచి నిలబడ్డారు. చాలా బాగా వాయించానని అందరూ అన్నారు.

ఆ రోజు చెప్పాను కదా, ఆ దెబ్బ పడినప్పుడు భయానికి చోటుండదని. ఈసారి కూడా లేదు. కానీ ఇంకేదీ కూడా లేదు. చప్పుడు బయట ఉంది, నేను వింటున్నాను, అంతే. రూథెల్ కర్రలతో వాయించాను. నా వాటి మొనలు పగిలిపోయాయి కదా.

నీ ఫోటో తీసెయ్యమని ఒడెల్‌తో చెప్పలేదు. పీతలు ఏదీ అడగకూడదు. ఇప్పుడు పీతని కాదు. అయినా చెప్పలేదు.

రూథెల్‌కి ఉత్తరం మొదలుపెట్టాను. "నాకు జ్వరం" అని రాసి ఆపేశాను. ఆ కాగితం అక్కడే ఉంది.

మ్యాచ్ అయ్యాక అమ్మ కనిపించింది. చర్చిలో ఎవరో చెప్పారట, మీ అమ్మాయి డ్రమ్ తగిలించుకుని ఉంటే చూశామని. బస్సెక్కి ఒక్కతే వచ్చింది, నీలం కోటు వేసుకుని, ఆదివారాలు పెట్టుకునే టోపీ పెట్టుకుని. కొడుతుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. నా తెల్ల గ్లవ్ వేలు వేలు చొప్పున లాగి తీసింది. మా వెనక బ్యాండ్ ఇంకా వాయిస్తూనే ఉంది. చేతిని తిప్పి చూసింది.

"కారు తలుపులో పడిందమ్మా" అన్నాను.

అమ్మ గ్లవ్ మళ్ళీ తొడిగింది, మణికట్టు దగ్గర బొత్తాం కూడా పెట్టింది, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు పెట్టినట్టు.

"ఆ క్రిస్మస్‌కి నెల్ కూడా ఇదే చెప్పింది" అంది. "అప్పుడు దాన్ని గట్టిగా అడగలేదే నేను."

నన్ను కూడా అడగలేదు. బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది.

ఇంక నిన్నేమీ అడగను అక్కా. ఐసు పెట్టుకుంటున్నా, గుడ్డలో చుట్టి.

కెటూరా